కువైట్ నుంచి కష్టాల వీడియో పెడుతున్నారా? ముందు ఈ వివరాలు పంపండి

"అన్నా, నన్ను ఇండియాకి పంపించండి" అని ఏడుస్తూ పెట్టే వీడియోలు మీ ఫోన్‌కీ వస్తూనే ఉంటాయి. వాటివల్ల మేలు జరగదని కాదు. 2024 జూలైలో అన్నమయ్య జిల్లా కార్మికుడొకరు కువైట్ ఎడారి నుంచి పెట్టిన వీడియో వైరల్ అయింది. మంత్రి నారా లోకేష్ స్పందించారు, ఆయన ఇంటికి చేరారు. కానీ చాలా వీడియోల్లో ఏడుపు ఉంటుంది, అడ్రస్ ఉండదు. సాయం చేద్దామన్నా ఎక్కడికని వెళ్తారు?

సోషల్ వర్కర్లకు ఈ వివరాలు కావాలి:

• పాస్‌పోర్టులో ఉన్న పేరు, పాస్‌పోర్ట్ నంబర్, సివిల్ ఐడీ నంబర్.

• ఏరియా, బ్లాక్, వీధి, ఇంటి నంబర్. తెలియకపోతే బిల్డింగ్ గోడకుండే 'పాసి' నంబర్ ప్లేటు ఫోటో తీయండి. ఎడారిలో ఉంటే వాట్సాప్‌లో లొకేషన్ పంపండి.

• కఫీల్ పేరు, ఫోన్ నంబర్. మీది ఖాదిమ్ వీసానా (20), షూన్ వీసానా (18)?

• ఏజెంట్ పేరు, ఊరు, మీరు కట్టిన డబ్బు.

• అసలు సమస్య: జీతం ఎన్ని నెలలు రాలేదు, కొడుతున్నారా, జబ్బు చేసిందా?

ఇంటి పనివాళ్లకు 2015 నాటి 68వ నంబర్ చట్టం ఉంది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి. మీరు ఒప్పుకోకుండా పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోకూడదు. మీ విషయంలో ఏది జరగడం లేదో స్పష్టంగా చెప్పండి.

వీడియోని నేరుగా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. కువైట్‌లో సైబర్ నేరాల చట్టం (2015, 63వ నంబర్) ఉంది. సేటు ఇంట్లోవాళ్ల మొహాలు కనిపిస్తే కేసు మీ మీదికే రావచ్చు. ఫోన్ లాక్కుంటే ఉన్న ఒక్క దారీ పోతుంది. ముందు ఇంట్లోవాళ్లకు, నమ్మకమైన సోషల్ వర్కర్‌కు, ఇండియన్ ఎంబసీకి పంపండి. ఊళ్లో ఉన్న కుటుంబం కేంద్ర ప్రభుత్వ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబర్ జాగ్రత్తగా రాసి పెట్టుకోవాలి. ఆంధ్రావాళ్లయితే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి కూడా చెప్పండి.

ఇక చూసేవాళ్లకు ఒక మాట. ఆ అక్క మొహం కనిపించే వీడియోని పది గ్రూపులకు ఫార్వర్డ్ చేయకండి. "అయ్యో పాపం" అని రాసి ఊరుకోకండి. "ఇదే ఏజెంట్ మా చెల్లెల్నీ ఇలాగే పంపాడు" అనే సంగతి మీకు తెలిస్తే సోషల్ వర్కర్‌కు చెప్పండి. ఒకే ఏజెంట్ పేరు నాలుగు ఇళ్ల నుంచి వస్తే పోలీసులకు ఇచ్చే ఫిర్యాదుకు బలం వస్తుంది. ఐదో ఇంటి ఆడబిడ్డ విమానం ఎక్కకముందే ఆగుతుంది.