చిలుము పట్టిన తూటా

జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా ఉన్న రోజుల్లో, ఏడాది ఫైరింగ్‌కి వచ్చిన ఓ ఎస్సై గారు తోలు బెల్టు విప్పి నా బల్ల మీద పెట్టారు. లూపుల్లోంచి తూటాలు లాగితే ఆరింటికీ పచ్చటి చిలుము. తోలుకీ చెమటకీ ఇత్తడి పడదు.

"మార్చి ఎన్నాళ్లయింది సార్?"

"డ్యూటీవి కదయ్యా, ముట్టుకోలేదు. కాల్చడానికి వేరేవి ఇస్తావుగా!"

తప్పు ఆయనదొక్కడిదే కాదు. నేర్చుకోడానికో తూటా, నడుముకి కట్టుకోడానికో తూటా అన్న అలవాటు చాలా పాతది.

మా ఆయుధాల గది, కోత్‌లోని .38 వెబ్లీ రివాల్వర్ల సంగతే చూడండి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం బరువైన .455 నుంచి ఈ సైజుకి దిగింది. రివాల్వర్ తేలికైనా దెబ్బ తగ్గకూడదని 200 గ్రెయిన్ల, అంటే దాదాపు 13 గ్రాముల, ఉత్త సీసం గుండు పెట్టింది. కానీ ఒంట్లో దిగాక నలిగి వెడల్పయ్యే గుండ్లను యుద్ధాల్లో వాడొద్దని 1899లోనే హేగ్‌లో తీర్మానించారు. ఆ తీర్మానానికి ముఖ్య కారణం కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో తయారైన తూటాయే. మెత్తటి సీసం ఆ నిషేధం కిందికి వస్తుందేమోనన్న జంకుతో 1930ల చివర లోహపు తొడుగున్న 178 గ్రెయిన్ల గుండు తెచ్చారు. సీసం తూటాలు ప్రాక్టీసుకి మిగిలాయి. తీరా రెండో ప్రపంచయుద్ధం వచ్చి కొత్త సరుకు చాలకపోతే, అవే మళ్లీ సిపాయిల చేతికి వెళ్లాయి.

తేడా 22 గ్రెయిన్లే కదా అనుకోవద్దు. బరువైన గుండు గొట్టంలోంచి నిదానంగా బయటికొస్తుంది. ఈలోగా రివాల్వర్ వెనక్కి తన్నే తన్ను గొట్టం మూతిని కాస్త పైకి లేపుతుంది. గుండు కూడా ఆ మేరకు పైన తగులుతుంది.

అమెరికాలో ప్రాక్టీసు తూటాకీ డ్యూటీ తూటాకీ మధ్య ఎడం ఇంకా పెరిగింది. స్మిత్ అండ్ వెసన్ 1935లో .357 మాగ్నమ్ రివాల్వర్ తెచ్చింది. పాత రివాల్వర్లలో పట్టకుండా దాని ఇత్తడి కేసుని .38 స్పెషల్ కంటే సుమారు 3.4 మిల్లీమీటర్లు పొడవు చేశారు. పొట్టి తూటా మాత్రం పొడుగుదాని సిలిండర్ గదిలో పడుతుంది. ఇంకేం, చవకైన, అంతగా తన్నని .38 వాడ్‌కట్టర్‌తో ప్రాక్టీసు, మాగ్నమ్‌తో డ్యూటీ! వాడ్‌కట్టర్‌కి మొన ఉండదు. అట్టని పంచ్ కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది, స్కోరు లెక్కకి హాయి. కానీ పొట్టి కేసు మూతి ఆగిన చోట సిలిండర్ గదిలో మసి వలయం కడుతుంది. తుడవకపోతే తర్వాత పొడుగు తూటా అక్కడే బిగుస్తుంది.

1970 ఏప్రిల్ 5 అర్ధరాత్రి కాలిఫోర్నియాలోని న్యూహాల్ దగ్గర నలుగురు హైవే పేట్రోల్ ఆఫీసర్లు కాల్పులు మొదలై అయిదు నిమిషాలు కూడా గడవకముందే నేలకూలారు. వాళ్ల శిక్షణ .38తో సాగింది. కొందరి చేతుల్లో ఉన్నవి .357లు. ఆ చావులకి అదొక్కటే కారణం కాదు. అయినా ఆ తర్వాత అక్కడ శిక్షణ పద్ధతే మారింది. డ్యూటీలో మోసే తూటాతోనే సాధన చెయ్యాలన్న మాట గట్టిపడింది.

చిలుము పట్టిన ఆ ఆరింటినీ నేను కాల్చనివ్వలేదు. లెక్క రాసి, పనికిరానివిగా వేరుచేశాను. ఆ మరుసటేడు నుంచి నా బల్ల దగ్గర ఒకటే పద్ధతి: బెల్టులో ఉన్న తూటాలే ముందు రేంజి మీద కాల్చాలి. ఖాళీ కేసులు లెక్కకట్టి అప్పజెప్పాకే కొత్తవి లూపుల్లోకి. నేను రిటైరయ్యేదాకా ఏ తూటా కూడా ఎవరి నడుం మీదా ఏడాదికి మించి ఉండలేదు.