తొరాజా ఇంటి గోడ మీది రాత



తమిళనాట పుట్టి పెరిగిన మాలో చాలామందికి తెలుగు ఇంటి మాట మాత్రమే. బడిలో తెలుగు అక్షరాలు దిద్దలేదు, పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. అందుకే, సొంత లిపి లేని ఒక జాతి తన నీతిని పిల్లలకు ఎలా అందించిందో చదివినప్పుడు మీతో చెప్పుకోవాలనిపించింది.

ఇండోనేషియాలోని సులవెసి దీవిలో, దక్షిణపు కొండల్లో తొరాజా ప్రజలు ఉంటారు. వాళ్ల వంశపు ఇంటిని తొంకోనన్ అంటారు. 'తొంకోన్' అంటే కూర్చోవడం. అంటే బంధువులంతా చేరి కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకునే ఇల్లు. పడవలాగా రెండు కొసలూ పైకి లేచిన కప్పు, చెక్క గోడల నిండా చెక్కడాలు. ఆ చెక్కడాన్ని వాళ్లు 'పస్సుర' అంటారు. ఆ మాటకు అర్థం రాత!

ఈ రాతకు మూలం నాలుగు బొమ్మలు. ఇంటి ముఖాన పైన కిరణాలు చిమ్మే సూర్యుడు: బతుకు పైవాడు ఇచ్చినదని. దాని మీద కోడిపుంజు: వేళ ఎరిగినది, పెద్దరికం వహించేవాడు న్యాయం తప్పకూడదని. తరువాత దున్నపోతు తల: సంపద, దాని వెనుక కష్టం. నాలుగోది పక్కపక్కన సాగే గీతలు: అందరూ కలిసి నడవాలని.

ఇవి కాక ఇంకా ఎన్నో. నగలు, బట్టలు దాచే బుట్ట మూత మీది ముడిని చెక్కితే, దాచిన సొత్తులాగా సంతానమంతా ఒక్కచోట చల్లగా ఉండాలని కోరిక. నీటి మీద చకచకా పాకే పురుగును చెక్కితే, పనిలో చురుకూ నేర్పూ ఉండాలని.

రంగులు నాలుగే. నలుపు చావుకు, ఎరుపు నెత్తురుకు, అంటే మనిషి ప్రాణానికి, తెలుపు ఎముకకు, శుద్ధికి, పసుపు దైవం దయకు. చావును కూడా ఇంటి గోడ మీదే ఉంచుకున్నారు, దాచలేదు.

అయితే ఒక మాట దాటవేయకూడదు. పూర్వం నిండుగా చెక్కిన ఇల్లు కట్టుకునే హక్కు పెద్ద కులాలవారిదే. సామాన్యుడిది బోసి గోడ. కలిసి నడవమని చెప్పే గీతలు అందరి ఇంటికీ ఎక్కలేదు. మన ఊళ్ల చరిత్ర తెలిసిన మనకు ఇది కొత్త సంగతి కాదు.

20వ శతాబ్దం మొదట్లో డచ్చి మిషనరీలు వచ్చారు. ఇప్పుడు తొరాజాల్లో ఎక్కువమంది క్రైస్తవులే. భాషను రోమన్ అక్షరాల్లో రాసుకుంటున్నారు. 1970ల నుంచి పర్యాటకులు పెరిగాక అవే బొమ్మలు అంగళ్లలో పళ్లేల మీదికీ, పలకల మీదికీ ఎక్కాయి. కొనుక్కెళ్లినవాడికి అది అందమైన నగిషీ. పక్కన కూర్చుని ఇది పుంజు, ఇది ముడి అని చెప్పేవాళ్లు ఉంటేనే అది రాత అవుతుంది.

మన పిల్లలకు తెలుగు అక్షరం కూడా నగిషీగా మిగిలిపోకూడదని మా భయం. ఈ ఆదివారం వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పేజీ చదివించండి.