మోటారు ఎక్కని కొండ

వేసవి విడిది యనగానే మెలికలు తిరిగిన తారురోడ్డు, దానిపై బారులు తీరిన కార్లు నేడు మన కన్నులకు కట్టును. కార్లను పొలిమేరలోనే నిలిపివేయు కొండ యూరొకటి మన దేశమున కలదు. అదియే మహారాష్ట్రలో రాయగఢ్ జిల్లాకు చెందిన మాథేరాన్. పడమటి కనుమలలో, సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల యెత్తున, అడవి నడుమ నున్నది. రోగులను గొనిపోవు బండివంటి అత్యవసర వాహనములకు దక్క మోటార్లకు ఊరిలో ప్రవేశము లేదు. అయినచో జనులు రాకపోకలు సాగించుట యెట్లు? ఈ ప్రశ్నయే మాథేరాన్ చరిత్ర.

1850లో ఠాణా కలెక్టరు హ్యూ మాలెట్ ఈ కొండ నెక్కి, ఇది విడిదికి అనువైనదని గుర్తించెను. తొలినాటి యాత్రికులు కొండ క్రిందనున్న నేరల్ నుండి కాలినడకను, గుర్రములపైన, పల్లకీలలో పైకి చేరుచుండిరి. ఈ శ్రమను చూచి బొంబాయి వర్తకుడు ఆదంజీ పీర్‌భాయ్ ధనమీయగా, ఆయన కుమారుడు అబ్దుల్ హుసేన్ 1904లో రైలుమార్గము నారంభించి 1907లో ముగించెను. వ్యయము సుమారు 16 లక్షల రూపాయలు.

ఈ మార్గము పొడవు సుమారు 20 కిలోమీటర్లు. పట్టాల నడుమ దూరము రెండడుగులే. పట్టాలు దగ్గరగా నున్నందున బండి ఇరుకైన మలుపులలో సులభముగా తిరుగును. కొండను తొలుచు పని తగ్గును. జర్మనీలో తయారైన తొలి ఆవిరి యంత్రములకు, మలుపులో చక్రములు కొంచెము ప్రక్కకు ఒరుగునట్లు ప్రత్యేకమైన ఇరుసులు అమర్చిరి. కొన్ని చోట్ల వాలు ఇరువదికి ఒకటి. అనగా ఇరువది మీటర్లు సాగిన బండి ఒక మీటరు పైకెక్కును. అట్టి వాలుపై ఒక టన్ను బరువును లాగుటకు, ఘర్షణను లెక్కింపనిచో, 50 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలము చాలును.

ఇచట విద్యార్థులు ఒక్క సంగతి గమనింపవలెను. వాలు బలమును తగ్గించునే గాని పనిని తగ్గింపదు. 70 కిలోగ్రాముల మనిషిని నేరల్ నుండి 760 మీటర్లు పైకి చేర్చుటకు సుమారు 5 లక్షల 20 వేల జౌళ్ల పని జరిగి తీరవలెను. యంత్రము చేయనిచో గుర్రమో, మనిషియో చేయవలెను.

మాథేరాన్‌లో జరిగినదియు ఇదియే. కార్లు దస్తూరీ నాకా వద్ద ఆగును. అచ్చటినుండి బజారునకు మూడు కిలోమీటర్లకు లోపు దారి. నడువలేనివారిని, సామానును గుర్రములును, మనుష్యులు లాగు రిక్షాలును మోసినవి. ఎఱ్ఱని రాతినేలపై, ఎగుడుదిగుడు దారిలో, వాలునకు తోడు ఘర్షణ కూడ లాగువాని భుజములపై పడును. పొగ లేని గాలికి యాత్రికుడు సంతసించుచుండగా, దాని మూల్యమును కూలివాడు చెల్లించుచుండెను.

2003లో కేంద్రప్రభుత్వము మాథేరాన్‌ను పర్యావరణ దృష్ట్యా సున్నితమైన ప్రాంతముగా ప్రకటించెను. రైలునకు మాత్రము వానలే శత్రువులైనవి. 2005 వరదలలో మార్గము కొట్టుకొనిపోగా 2007లో తిరిగి తెరచిరి. 2019 వర్షములలో మరల దెబ్బతినగా 2022 అక్టోబరు వరకు నేరల్ నుండి బండి నడువలేదు.

ఆ 2022లోనే సుప్రీంకోర్టు అనుమతితో విద్యుత్ రిక్షాలను ప్రయోగాత్మకముగా నడిపిరి. గుర్రములవారు తమ జీవనోపాధి పోవునని అభ్యంతరము తెలిపిరి. ఆ భయము నిరాధారమైనది కాదు. 2024లో వాటి సంఖ్యను 20కి పరిమితము చేసి, రిక్షా లాగువారికే ఇయ్యవలెనని న్యాయస్థానము ఆదేశించెను. 2025 ఆగస్టులో మనిషి మనిషిని లాగుట అమానుషమని పలికి, ఆరు మాసములలో దానిని మాన్పించి, లాగువారికి వేరు జీవనోపాధి కల్పింపవలెనని తీర్పు చెప్పెను.

కారును ఆపుటకు ఒక అడ్డుకఱ్ఱ చాలును. కాని దాని స్థానమున రైలు, చక్కని బాట, విద్యుత్ బండి ఏర్పరచి, ఏటేటా వానలకు చెడిన దానిని బాగుచేయుచుండవలెను. లేనిచో ఆ బరువు చివరకు పేదవాని వీపుపైకే చేరును. కొండ యూళ్లను మోటారు పొగనుండి కాపాడగోరువారు మాథేరాన్ నుండి నేర్వవలసిన పాఠమిది.