యాభై హెర్ట్జ్‌ల రాజకీయం

2012 జూలై 31 మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలాయి. అరవై కోట్ల మందికి పైగా ప్రజలకు కరెంటు లేకుండా పోయింది. అంతకు ముందురోజు తెల్లవారుజామునే ఉత్తర గ్రిడ్ ఒకసారి పడి లేచింది. బినా-గ్వాలియర్ లైను ట్రిప్ కావడం తక్షణ కారణం. రాష్ట్రాలు తమ వాటాకు మించి విద్యుత్తును లాగడం అసలు జబ్బు. ఆ రోజే విద్యుత్ మంత్రి సుశీల్ కుమార్ షిండేకు హోంశాఖ దక్కింది. ఢిల్లీలో జవాబుదారీతనానికి అర్థం అదీ!

ఉత్పత్తి, వాడకం క్షణక్షణం సరితూగితేనే గ్రిడ్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌ల దగ్గర నిలుస్తుంది. వాడకం మించితే పడిపోతుంది. దశాబ్దాల పాటు మన దేశంలో ఈ తూకాన్ని నిలిపినది కోతే. దాని బరువు మోసినవి ఎక్కువగా పల్లెలు. 2002-03లో భాను భూషణ్ రూపకల్పన చేసిన ధరల విధానం అమలులోకి వచ్చింది. పౌనఃపున్యం తగ్గినకొద్దీ అదనంగా లాగిన రాష్ట్రం చెల్లించవలసిన ధర పెరుగుతుంది, పావుగంటకొక లెక్క. నేడు స్మార్ట్ సాఫ్ట్‌వేర్ పేరిట వినిపిస్తున్న ఆలోచనకు ఇది తాతవంటిది. ధర ఒక్కటే రాష్ట్రాలను ఆపజాలదని 2012 రుజువు చేసింది.

2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో అనుసంధానమైంది. ఆ ఏక గ్రిడ్‌కు అసలు పరీక్ష 2020 ఏప్రిల్ 5 రాత్రి ఎదురైంది. ప్రధాని పిలుపు మేరకు తొమ్మిది నిమిషాలు దీపాలార్పితే వాడకం 12-14 వేల మెగావాట్లు తగ్గుతుందని అధికారుల అంచనా. తగ్గినది 31 వేలు! ఆదుకున్నది నీరు. జలవిద్యుత్ కేంద్రాలు నిమిషాల్లో 17 వేల మెగావాట్లకు పైగా ఉత్పత్తిని దించి, మళ్లీ ఎత్తాయి.

సౌరవిద్యుత్తు పెరిగాక ఇటువంటి ఊపు రోజూ సూర్యాస్తమయాన వచ్చేదే. కానీ మన నీటికి రాజకీయం ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాలలో నీటిని తిరిగి పైకి తోడగల యంత్రాలున్నాయి. గ్రిడ్‌కు అవి వరాలే. అయితే 2021లో శ్రీశైలంలో తెలంగాణ విద్యుదుత్పత్తిపై ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం లేవనెత్తింది. ఆ జూలైలోనే కృష్ణా బోర్డు పరిధిని నిర్ణయిస్తూ కేంద్రం గెజిట్ వెలువరించింది. బ్యాటరీకి ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం ఉండవు. దాని ఆకర్షణలో సగం అదే కావచ్చు.

మిగతా సగం వేగం. 2025 ఫిబ్రవరి 9న, ఒక ఆదివారం, శ్రీలంక అంతటా కరెంటు పోయింది. సబ్‌స్టేషన్‌లో చొరబడిన కోతిని మంత్రి తప్పుపట్టారు. సెలవుదినం కనుక వాడకం తక్కువ, సౌరవిద్యుత్తు ఎక్కువ; కుదుపును తట్టుకొనే భారీ టర్బైన్లు తగినన్ని తిరగడం లేదన్నది అసలు విషయం. సెకనులోపే స్పందించగల బ్యాటరీలు అటువంటి వేళకే. అదే నెలలో భారత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, కొత్త సౌర టెండర్లలో స్థాపిత సామర్థ్యంలో కనీసం 10 శాతానికి రెండు గంటల నిల్వ ఉండాలని సూచించింది.

ఆ నిల్వను ఎప్పుడు నింపాలో, ఎప్పుడు వదలాలో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టగలదు. ఆదేశం రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రానిదా, ఢిల్లీలోని జాతీయ కేంద్రానిదా, అప్పుల్లో ఉన్న డిస్కంలు దాని అద్దె ఎలా కడతాయి అన్నవి మాత్రం ముఖ్యమంత్రులూ కేంద్రమూ తేల్చుకోవలసిన లెక్కలు.