చెక్క పడవను అడ్డం పెట్టినవాడు: డగ్లస్ మన్రో కథ

యుద్ధ కథలు అనగానే మనకి జనరల్స్ పేర్లు, పెద్ద ఓడల పేర్లు గుర్తొస్తాయి. ఇవాళ ఒక చిన్న పడవ గురించి, దాన్ని నడిపించిన 22 ఏళ్ల కుర్రాడి గురించి చెప్పుకుందాం.

పేరు డగ్లస్ మన్రో. 1919 అక్టోబర్ 11న కెనడాలోని వాంకూవర్‌లో పుట్టాడు, అమెరికాలోని క్లీ ఎలమ్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. 1939లో అమెరికా కోస్ట్ గార్డ్‌లో చేరాడు. అతని పని సిగ్నల్‌మ్యాన్, అంటే జెండాలతో, దీపాలతో సందేశాలు పంపడం.

కోస్ట్ గార్డ్ వాళ్లకి యుద్ధంలో పనేంటి అని మీకు సందేహం రావచ్చు. సైన్యాన్ని ఒడ్డుకు చేర్చాలంటే అలల్లో చిన్న పడవ నడపడం తెలియాలి కదా! అది వాళ్లకి చేతిలో విద్య. అందుకే పసిఫిక్‌లో చాలా ల్యాండింగ్ క్రాఫ్ట్‌లు వాళ్ల చేతుల్లో పెట్టారు. ఆ హిగ్గిన్స్ బోట్లు ప్లైవుడ్‌తో చేసినవి. తూటా తగిలితే చెక్క ఆగదు.

1942 సెప్టెంబర్ 27. సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్. పాయింట్ క్రూజ్ దగ్గర దిగిన సుమారు 500 మంది మెరైన్లను జపాన్ సేన చుట్టుముట్టింది. రేడియో లేదు. ఏం చేశారో తెలుసా? ఒంటిమీది బనియన్లు విప్పి, కొండమీద 'హెల్ప్' అనే అక్షరాలుగా పరిచారు. పైన ఎగురుతున్న విమానం పైలట్ అది చూశాడు!

వాళ్లని అక్కడికి చేర్చింది మన్రో పడవలే. మళ్లీ వెళ్లి తీసుకురావడానికి ముందుకొచ్చిందీ అతనే. పడవలు ఒడ్డుకు చేరాయి. మెరైన్లు ఎక్కుతున్నారు, శత్రువు కాల్పులు పెరిగాయి. అప్పుడు మన్రో తన పడవను, రెండు చిన్న తుపాకులతో, శత్రువుకీ మెరైన్లకీ మధ్య అడ్డంగా నిలిపాడు. గుళ్లు తన వైపు రావాలని! పని దాదాపు పూర్తయిన వేళ ఒక గుండు అతనికి తగిలింది. పక్కనే ఉన్న స్నేహితుడు రే ఎవాన్స్‌ని అతను అడిగిన చివరి మాట ఒక్కటే: అందరూ బయటపడ్డారా? అవునని విన్నాకే కన్ను మూశాడు. 23వ పుట్టినరోజుకి ఇంకా రెండు వారాలుంది.

1943 మేలో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ స్వయంగా మెడల్ ఆఫ్ ఆనర్‌ని అతని తల్లిదండ్రుల చేతికి ఇచ్చారు. కోస్ట్ గార్డ్‌లో ఈ పతకం పొందింది మన్రో ఒక్కడే. ఎవాన్స్‌కి నేవీ క్రాస్ వచ్చింది.

ఇక్కడితో కథ అయిపోలేదండి. కొడుకు పోయాక తల్లి ఎడిత్ ఇంట్లో కూర్చోలేదు. నలభై దాటిన వయసులో కోస్ట్ గార్డ్ మహిళా విభాగంలో ఆఫీసర్‌గా చేరి, అదే యూనిఫామ్ వేసుకుంది. ఇవాళ క్లీ ఎలమ్ శ్మశానంలో కొడుకు పక్కనే ఆవిడ సమాధి కూడా ఉంది.

పతకం ఎందుకిస్తారు? ఎంతమందిని చంపాడని కాదు. ఈ కుర్రాడికి మాత్రం ఎంతమందిని బతికించాడో చూసి ఇచ్చారు. అది గుర్తుపెట్టుకుందాం.