‘ఫాల్ త్రూ’: అర్థం, ప్రయోగం, చరిత్ర రచన

చరిత్రకు సంబంధించిన ఆంగ్ల గ్రంథాలు చదివేటప్పుడు ‘ఫాల్ త్రూ’ అనే పదబంధ క్రియ మీకు ఎదురవుతుంది. విడివిడిగా ‘ఫాల్’ అంటే పడడం, ‘త్రూ’ అంటే గుండా. రెండూ కలిస్తే, అనుకున్న ఏర్పాటు జరగకుండా పోవడమని అర్థం. పెళ్ళి సంబంధం తప్పిపోయిందనీ, బేరం చెడిందనీ మనం అనే సందర్భాల్లో ఆంగ్లంలో దీన్ని వాడతారు. ప్రణాళిక, ఒప్పందం, బేరం వంటివే దీనికి కర్తలు. విద్యార్థి పరీక్ష తప్పాడని చెప్పడానికి ఇది పనికిరాదు. పైగా ఇది అకర్మక క్రియ. ‘ది ప్లాన్ ఫెల్ త్రూ’ అనాలి. దీనికి కర్మణి ప్రయోగం లేదు.

ఈ వ్యాకరణ లక్షణాన్ని చరిత్ర విద్యార్థిగా మీరు గమనించాలి. ఈ క్రియ పని చెడిందని చెబుతుంది. ఎవరివల్ల చెడిందో చెప్పదు. ఉదాహరణకు 1942 నాటి క్రిప్స్ రాయబారాన్ని తీసుకుందాం.

ఆ ఏడాది ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్ జపాన్ వశమయ్యాయి. భారతీయుల సహకారం కోరుతూ బ్రిటిష్ ప్రభుత్వం మార్చిలో సర్ స్టాఫర్డ్ క్రిప్స్‌ను ఢిల్లీకి పంపింది. యుద్ధానంతరం డొమినియన్ ప్రతిపత్తి ఇస్తామనీ, ఇష్టంలేని రాష్ట్రాలు విడిగా ఉండవచ్చనీ ఆయన ప్రతిపాదించాడు. చర్చలు సాగుతుండగానే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ బాంబులు పడ్డాయి. అయినా రాజీ కుదరలేదు. ఏప్రిల్ 10న కాంగ్రెస్ తన తిరస్కారాన్ని తెలియజేసింది.

‘చర్చలు ఫెల్ త్రూ’ అని రాస్తే వాక్యం తప్పుకాదు, కాని వివరణ పూర్తికాదు. రక్షణశాఖపై నిజమైన అధికారాన్ని, మంత్రివర్గంలా పనిచేసే ప్రభుత్వాన్ని కాంగ్రెస్ కోరింది; బ్రిటన్ ఒప్పుకోలేదు. పాకిస్తాన్‌ను స్పష్టంగా అంగీకరించలేదని ముస్లిం లీగ్ తిరస్కరించింది. ప్రధాని చర్చిల్, వైస్రాయి లిన్‌లిత్‌గోల విముఖత కూడా కారణమని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. బాధ్యతను ఎవరిపై ఎంత మోపాలన్నదే ఇక్కడి అసలు వివాదం. క్రిప్స్ వెళ్ళిన నాలుగు నెలల్లోనే, ఆగస్టు 8న, కాంగ్రెస్ క్విట్ ఇండియా తీర్మానం చేసింది.

కాబట్టి ‘విఫలమైంది’ అనే మాట కనిపించినచోట ఆగి, ఎవరు ఏమి కోరారో, ఎవరు దేనికి ఒప్పుకోలేదో ప్రశ్నించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ‘క్రిప్స్ రాయబారం విఫలమైంది’ అనే వాక్యాన్ని, బాధ్యులను పేర్కొంటూ మూడు వాక్యాలలో తిరిగి రాయండి.