బ్రౌన్ బంగ్లా నేల మీద గ్రంథాలయం

కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రాన్ని ఊరివాళ్ళు ఇప్పటికీ బ్రౌన్ లైబ్రరీ అనే అంటారు. 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం దీన్ని నడుపుతోంది. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించినవాడి పేరున్న గ్రంథాలయం, వేమన పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం చేతికి రావడం మా జిల్లావాళ్ళకు ఎంతో తృప్తినిచ్చే సంగతి.

బ్రౌన్ 1820లో ఈస్టిండియా కంపెనీ కుర్ర ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తర్వాత కొన్నాళ్ళకు ఇక్కడే బంగ్లా కొని, పండితులను చేర్చుకొని, సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. ఒక కావ్యాన్ని పరిష్కరించాలంటే ముందు దానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించేవాడు. కాగితం మీద ఒక ప్రతి రాయించి, తేడాలున్నచోట మిగతా ప్రతుల్లోని పాఠాలు చేర్పించి, పండితులచేత చర్చ చేయించి, ఆ తర్వాతే శుద్ధప్రతి తీయించేవాడు. జూలూరి అప్పయ్య వంటి పండితుల చెమట ఆ పుటల్లో ఉంది. 1852లో వచ్చిన తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు మీద పేరు బ్రౌన్‌దే అయినా, దాని వెనక ఇలాంటి పండితుల ఏళ్ళ తరబడి చాకిరీ ఉంది. వాళ్ళ పేర్లు కూడా మన పిల్లలకు తెలియాలని నా కోరిక.

ఈ కేంద్రానికి వచ్చినవాళ్ళు మొదట తాళపత్రాలు చూపించమంటారు. నేనైతే ముందు కైఫియత్తులు, అంటే ఊళ్ళ చరిత్ర రాతలు, చదవమంటాను. కల్నల్ కాలిన్ మెకంజీ 19వ శతాబ్దం మొదట్లో తన మనుషులను ఊరూరికీ పంపి, కరణాల దగ్గరున్న కవిలెలను, పెద్దల నోటి మాటను రాయించాడు. కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ పనికి వెన్నెముక. 1821లో మెకంజీ పోయాక ఆ సంపద చెదిరింది. దక్షిణాది భాషల కట్టలు మద్రాసు చేరాయి. శిథిలమవుతున్న తెలుగు కట్టలకు బ్రౌన్ మళ్ళీ నకళ్ళు రాయించాడు. కడప జిల్లా కైఫియత్తులను కట్టా నరసింహులు సంపాదకత్వంలో ఈ కేంద్రమే సంపుటాలుగా అచ్చు వేసింది.

కైఫియత్తు తెరిస్తే అడవి కొట్టి ఊరు కట్టినవాళ్ళెవరో, చెరువు తవ్వించిందెవరో, ఏ రాజు ఏ దేవుడికి ఎంత మాన్యం ఇచ్చాడో, పాళెగాళ్ళు ఎప్పుడు దోచారో కనిపిస్తాయి. అందులో కట్టుకథలూ ఉన్నాయి, శాసనంతో సరిపోయే నిజాలూ ఉన్నాయి. రెండూ చరిత్రకారుడికి పనికొచ్చేవే. మన పల్లె పేరు రెండు వందల ఏళ్ళ కిందటి కరణం మాటల్లో చదివితే కలిగే పులకింత పాఠ్యపుస్తకంలో దొరకదు.

ఇదంతా కడపలో ఒకచోట నిలబడటానికి ప్రధాన కారకుడు జానుమద్ది హనుమచ్ఛాస్త్రి. ఆంగ్లం బోధించిన ఆ అధ్యాపకుడు బ్రౌన్ జీవితం రాసి ఊరుకోలేదు. పాడుబడిన బ్రౌన్ బంగ్లా స్థలంలోనే గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టి, చందాల కోసం ఊళ్ళు తిరిగాడు. 2014లో కన్నుమూసేదాకా ఆయన ధ్యాస దీని మీదే. బ్రౌన్ కాగితాలను తవ్వి తీసిన పరిశోధకుడు బంగోరె కృషి కూడా ఇక్కడ స్మరించదగ్గది.

ఇక చేయవలసింది చాలా ఉంది. తాటాకు మీద పదాల మధ్య ఎడం ఉండదు. పద్యమూ వచనమూ ఒకే ధారగా సాగుతాయి. రేఫను సూచించే వలపలగిలక వంటి పాత గుర్తులు తెలియకపోతే చదువు అక్కడే ఆగుతుంది. ఆ లిపి చదవగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు. పురుగు తినకముందే ప్రతి ఆకునూ ఫొటో తీయాలి, నిజమే. కానీ ఫొటోను చదవడానికీ మనిషి కావాలి కదా! తెలుగు ఎం.ఏ. విద్యార్థులకు తాళపత్ర పఠనం తప్పనిసరి అభ్యాసంగా పెట్టాలని ఈ వ్యాసం ద్వారా గట్టిగా అడుగుతున్నాను.

అటకల మీద ఇంకా తాళపత్రాల కట్టలున్న ఇళ్ళవాళ్ళకు ఒక మనవి. పుణ్యమని వాటిని పెన్నలో కలపకండి. తడిగుడ్డతో తుడవకండి, ఎండలో పరచకండి, దారం తెగినా ఆకుల వరస మార్చకండి. పొడిగుడ్డలో చుట్టి, మీ ఊరిపేరూ ఇంటిపేరూ ఒక కాగితం మీద రాసి జతచేసి, ఎర్రముక్కపల్లెకు తీసుకురండి.